గాజుపెట్టెలోని ఎడారి జీవి

మానవుడు తన అవసరం కోసం కొన్ని జంతువులను మచ్చిక చేసుకున్నాడు. తన ముచ్చట కోసం మరికొన్నింటిని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎద్దు, ఆవు, గొర్రె, గుఱ్ఱం మొదటి కోవకు చెందినవి. పంజరంలోని చిలుక, తొట్టిలోని రంగుచేప రెండవ కోవకు చెందినవి. మొదటి కోవ జీవులతో మనకున్నది ఇచ్చిపుచ్చుకొనే సంబంధం. దున్నే ఎద్దుకు మేత వేయని రైతు తన చేనుకే చేటు తెచ్చుకుంటాడు. కాని ముచ్చట కోసం తెచ్చుకున్న ప్రాణి మనకు చేసిపెట్టే పని ఏమీ లేదు. అది అర్ధాకలితో ఉన్నా, ఇరుకులో కుములుతున్నా మన ఇల్లు గడవక మానదు. అందువలన దాని యోగక్షేమాలకు మన మనస్సు తప్ప వేరొక పూచీ లేదు. ఈ సంగతిని నేను గ్రంథాలలో చదివి గ్రహించలేదు. అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న జంతువును సాకే పనిలో పాలుపంచుకొని గ్రహించాను. ఆ జంతువు పేరు జెర్బిల్.

జెర్బిల్ మన ఎలుకకు చుట్టమే కాని, చూపులకు ఎలుకకన్న ఉడుతకు దగ్గరగా ఉంటుంది. శరీరం జానెడుకన్న తక్కువ. ఇంచుమించు అంతే పొడవున్న తోక, ఆ తోక నిండా నూగు, చివర చిన్న కుచ్చు. బరువు 70, 80 గ్రాములు. వెనుకకాళ్ళమీద నిటారుగా నిలబడి, ముందుకాళ్ళను ఎదుట ముడుచుకొని, ఎవరో వస్తున్నారేమోనని నలుదిక్కులా పరికించడం దీని అలవాటు. అపాయం తోచినప్పుడు వెనుకకాళ్ళతో నేలను టపటప కొట్టి తోటివాటిని హెచ్చరిస్తుంది. మన దేశపు మెట్టభూములలో కూడా దీని జ్ఞాతి ఒకటి ఉన్నది. శాస్త్రజ్ఞులు దానిని టాటెరా ఇండికా అంటారు. అది రాత్రివేళ మాత్రమే కలుగు వెడలి తిరుగుతుంది కనుక మనలో చాలమంది దానిని చూచి ఉండరు. లోకంలో పెంపుడు జంతువుగా పేరుపొందినది మాత్రం మంగోలియా జెర్బిల్.

దీని స్వస్థలం మంగోలియా, ఉత్తర చైనాలలోని పొడిగడ్డి మైదానాలు, ఇసుకనేలలు. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీలు దిగువకు పడిపోతుంది. వేసవిలో ఎండ మండిపోతుంది. ఆ రెండింటినుండీ తప్పించుకొనడానికి ఈ చిన్న ప్రాణికి భూమాత ఒడి తప్ప వేరే దిక్కు లేదు. అది నేలలో సొరంగాలు తవ్వి, నిద్రకు ఒక గది, గింజల నిలువకు ఒక గది ఏర్పరచుకొని కుటుంబసమేతంగా జీవిస్తుంది. 1866లో ఫాదర్ అర్మాన్ దావిద్ అనే ఫ్రెంచి మతబోధకుడు ఉత్తర చైనానుండి దీనిని పారిస్‌కు పంపగా, మరుసటి సంవత్సరం మిల్న్ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు నామకరణం చేశాడు. గ్రీకు ఇతిహాసంలోని మెరియోనీస్ అనే యోధుని పేరుకు, గోళ్ళు గలది అనే అర్థమిచ్చే లాటిన్ మాటను జోడిస్తే దాని శాస్త్రీయనామం అవుతుంది. 1935లో ఆమూర్ నదీ ప్రాంతంలో పట్టిన 20 జతలు జపానుకు చేరాయి. వాటి సంతతిలో 11 జతలను 1954లో విక్టర్ ష్వెంట్కర్ అనే జంతుపోషకుడు అమెరికాకు తెప్పించుకున్నాడు. తరువాత పదేళ్ళకు ఇవి ఇంగ్లండు చేరాయి. మొదట ప్రయోగశాలలకు, అటుపిమ్మట పిల్లల గదులకు ఇవి అతిథులైనాయి.

2018వ సంవత్సరంలో పై చదువు నిమిత్తం ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో మా ఆపా ఇంట ఏడాదికాలం ఉండే అవకాశం నాకు కలిగినది. అప్పటికి మా మేనల్లునికి పదేళ్ళు. బడిలో స్నేహితుని ఇంట జెర్బిళ్ళను చూచి వచ్చినది మొదలు వాడు తండ్రిని వేధించసాగాడు. మా ఆపా ససేమిరా అన్నది. "కర్నూలులో ఉన్నన్నాళ్ళూ ఎలుకలను తరమడంతోనే సరిపోయింది. సముద్రాలు దాటి వచ్చి ఎలుకకు మేడ కట్టించాలా?" అన్నది ఆమె మాట. ఎట్టకేలకు పుత్రవాత్సల్యమే నెగ్గినది. ఒకే కాన్పులో పుట్టిన రెండు మగపిల్లలను దూల్హాభాయి కొని తెచ్చారు. ఒకటి ఇసుక రంగు, రెండవది నలుపు. ఎలుకలు వద్దన్న ఆపాయే వంటగదిలోని డబ్బాలు చూచి వాటికి బాదం, జీరా అని పేర్లు పెట్టినది.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండు, వేల్సులలో 2006లో వచ్చిన జంతు సంక్షేమ చట్టం ప్రకారం 16 ఏళ్ళు నిండని వారికి జంతువులను అమ్మరాదు. పిల్లవాడు సాకే జంతువుకు అతని తల్లిదండ్రులే చట్టరీత్యా బాధ్యులు. తగిన నివాసం, తగిన ఆహారం, సహజంగా ప్రవర్తించే వీలు, దాని స్వభావాన్ని బట్టి తోడుగానో విడిగానో ఉంచడం, బాధనుండి వ్యాధినుండి రక్షణ అనే అయిదు అవసరాలను ఆ చట్టం పేర్కొన్నది. జంతువును ఇంటికి తెచ్చిన క్షణంనుండి ఈ అయిదూ దానికి మనం బాకీపడినట్లే.

దుకాణంవారు జంతువులతోబాటు ఒక తీగెల పంజరం, రెండు వ్రేళ్ళ మందాన పరచడానికి చిత్రిక పొట్టు, మెట్లమెట్లుగా ఉన్న ఇనుప చక్రం, రంగురంగుల మేత ఇచ్చారు. చూడడానికి అంతా ముచ్చటగానే ఉన్నది. వారం తిరగకముందే బాదం పంజరం మూలకు చేరి ముందుకాళ్ళతో గరగర గీరడం మొదలుపెట్టినది. గీరుతుంది, ఆగుతుంది, మళ్ళీ గీరుతుంది. అర్ధరాత్రి నిద్ర మేలుకొన్నా అదే చప్పుడు. అక్కడ తవ్వడానికి మన్ను లేదు. ఉన్నది గట్టి పళ్ళెం మాత్రమే. ఒక రాత్రి మా మేనల్లుడు నా గదికి వచ్చి, "మామూ, అది బయటికి పోతానంటున్నది. వదిలేద్దామా?" అని అడిగాడు. వాని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఆ ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు. తరతరాలుగా మనుష్యుల నడుమ పుట్టి పెరిగిన జీవిని లెస్టర్ తేమ గాలిలోకి, నక్కల పాలికి, పిల్లుల పాలికి వదలడం స్వేచ్ఛ ప్రసాదించడం కాదు, చావుకు అప్పగించడం. పైగా ఆ దేశానికి చెందని జంతువులను బయట వదలడాన్ని 1981 నాటి వన్యప్రాణి చట్టం నిషేధిస్తున్నది. ఇవి పారిపోయి అడవిలో స్థిరపడతాయేమోనన్న భయంతో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం వీటి పెంపకాన్నే అనుమతించదు. వదలడానికి వీలు లేదు. ఉన్న స్థితిలో ఉంచడం న్యాయం కాదు. మరి అది కోరుతున్నది ఏమిటి?

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఈ విషయమై వెదకగా నాకొక పరిశోధన కనిపించినది. క్రిస్టోఫ్ వీడెన్మాయర్ అనే శాస్త్రజ్ఞుడు 1997లో ప్రకటించిన ప్రయోగమది. ఆయన కొన్ని జెర్బిల్ పిల్లలకు తవ్వుకొనడానికి పొడి ఇసుక ఇచ్చాడు. మరికొన్నింటికి తవ్వే పని లేకుండానే ఒక సొరంగమూ దాని చివర ఒక గదీ గల కృత్రిమమైన కలుగును అమర్చి ఇచ్చాడు. ఇసుక దొరికిన పిల్లలు తవ్వి తృప్తిపడతాయని మనమనుకుంటాం. కాని జరిగినది వేరు. పొడి ఇసుకలో ఎంత తవ్వినా సొరంగం నిలువదు కనుక అవి పెరిగి పెద్దవై మూలలను అదేపనిగా గీరే వ్యసనానికి లోనైనాయి. కలుగు దొరికిన పిల్లలకు ఆ వ్యసనం అంటలేదు. అనగా ఆ జీవి కోరేది తవ్వడం కాదు. తవ్విన తరువాత లభించే చీకటి గూడు. శ్రమ దానికి సాధనమే కాని లక్ష్యం కాదు. బాదం గీరుతున్నది బయటికి పోవడానికి కాదనీ, లోపలికి పోవడానికనీ నాకు అప్పుడు బోధపడినది.

మరునాటి ఆదివారం ఇంటిల్లిపాదీ ఆ పనిమీదనే ఉన్నాము. పాత సామానులు అమ్మేచోట దూల్హాభాయి ఒక చేపల తొట్టి సంపాదించారు. అది 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు గల గాజుపెట్టె. తీగెల పంజరంలో లోతుగా పొట్టు నింపితే సందులలోనుండి రాలిపోతుంది; గాజు గోడలైతే దానిని నిలబెడతాయి. ఒక ప్రక్క 30 సెంటీమీటర్ల లోతున, రెండవ ప్రక్కకు వచ్చేసరికి 10 సెంటీమీటర్లకు వాలునట్లు నింపాము. కాగితపు పొట్టు ఒక పొర, ఎండుగడ్డి ఒక పొర, మళ్ళీ కాగితపు పొట్టు, ఈ వరుసలో వేసి అరచేతితో అదిమితే సొరంగం కూలకుండా నిలుస్తుంది. దేవదారు, పైన్ కర్రల పొట్టు వాడలేదు. వాటి ఘాటైన నూనెలు చిన్న జంతువుల ఊపిరితిత్తులకు, కాలేయానికి హాని చేస్తాయి. దూది కూడా తగదు. దాని పోగులు కాళ్ళకు చుట్టుకొని రక్తప్రసరణను ఆపుతాయి.

గాలి ఆడడానికి పైన జల్లెడవంటి తీగెల మూత బిగించాము. ఒక పింగాణీ గిన్నెలో సన్నని పొడి ఇసుక పోసి లోతు తక్కువైన ప్రక్కన ఉంచాము. ఇవి నీటితో స్నానం చేయవు. ఇసుకలో పొర్లి బొచ్చులోని జిడ్డును వదిలించుకుంటాయి. గాలిలో తేమ 50 శాతం మించితే వీటి బొచ్చు తడిసినట్లు అట్టలు కడుతుంది. ఎండ పడే కిటికీ ప్రక్కన గాజుపెట్టెను ఉంచితే అది పొయ్యివలె కాగుతుంది కనుక నీడపట్టున గోడవారగా నిలిపాము. మెట్ల చక్రం స్థానంలో 28 సెంటీమీటర్ల వ్యాసం గల, సందులు లేని చక్రం వచ్చినది. సందులలో తోక చిక్కుకుంటే ప్రమాదం. ఈ జీవి తోక చర్మం ఇట్టే ఊడివస్తుంది, మళ్ళీ పెరగదు. తోక పట్టుకొని ఎత్తరాదన్నది ఆ ఇంట పిల్లవానికి మేము నేర్పిన మొదటి నియమం. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడానికి మందులు చల్లని ఆపిల్ కొమ్మలు, రంగులేని అట్టగొట్టాలు వేశాము.

రెండు సోదర జీవులూ ఆ రాత్రంతా పని చేశాయి. తెల్లవారేసరికి గాజుగోడ వెంబడి ఒక సొరంగం, దాని చివర ఎండుగడ్డి నమలి మెత్తగా పరచిన గది సిద్ధమైనాయి. రోజులు గడిచినకొద్దీ మూలను గీరడం తగ్గుతూ వచ్చినది. పూర్తిగా మానినదని చెప్పను. చిన్ననాట పడిన అలవాటు మనిషినే వదలదు, మూగజీవిని వదులుతుందా? కాని అర్ధరాత్రి చప్పుడు మాత్రం ఆగిపోయినది.

అప్పుడు ఒక విచిత్రం జరిగినది. మా మేనల్లుడు ముఖం చిన్నబుచ్చుకొని, "ఇప్పుడవి కనబడడమే లేదు మామూ!" అన్నాడు. నిజమే. వాడు బడినుండి వచ్చేవేళకు అవి భూగర్భంలో నిద్రించేవి. వాని స్నేహితులు వచ్చి చూచినా గాజుపెట్టెలో గడ్డి తప్ప మరేమీ కనిపించేది కాదు. పంజరంలో ఉండగా ఎల్లవేళలా కనిపించేవి. దాగడానికి చోటు లేక కనిపించేవి. ఇప్పుడు వాటికి ఇల్లు దొరికినది, మనకు తమాషా పోయినది. ముచ్చటకు తెచ్చుకున్న జీవి సుఖపడవలెనంటే మన ముచ్చటలో కొంత వదులుకొనవలసి వస్తుంది. పదేళ్ళ పిల్లవానికి ఇది కష్టమైన పాఠమే. అయినా వాడు నేర్చుకున్నాడు. సాయంకాలం దీపం తగ్గించి, చడీచప్పుడు లేకుండా అరగంట కూర్చుంటే బాదం తల బయటికి పెట్టేది. అరచేతిలో గింజ ఉంచి ఓపికతో కాచుకుంటే తానే వచ్చి చేతిమీదికి ఎక్కేది. బలవంతంగా పట్టుకొన్న రోజుల్లో వానికి ఆ ఆనందం కలుగలేదు.

ఆహారం విషయంలోనూ ఇదే ధర్మం. దుకాణపు మేతలో పొద్దుతిరుగుడు గింజలు ఎక్కువ. జెర్బిల్‌కు వాటిపై ప్రాణం. ఏరుకొని అవే తిని మిగిలినవి వదిలేస్తుంది. వాటిలో కొవ్వు అధికం, సున్నం తక్కువ. కొవ్వు ఎక్కువైన మేతతో ఈ జీవుల శరీరమే కాక రక్తంలోని కొవ్వు కూడా త్వరగా పెరుగుతుంది. ఇష్టమైనదే పెట్టడం ప్రేమ అనుకుంటే ఆ ప్రేమే దానికి రోగమవుతుంది. కనుక చిరుగింజలు, ఓట్లు, గోధుమలు, గడ్డిగింజలు ప్రధానంగా గల మేతను ఒక్కొక్క దానికి రోజుకు ఒక చెంచా చొప్పున వేసి, పొద్దుతిరుగుడు గింజను చేతికి మచ్చిక చేయడానికి మాత్రమే వాడాము. గిన్నెలో వేయక పొట్టుమీద చల్లితే వెదుకుకొని తింటాయి. అదే వాటికి వ్యాయామం. వారానికి రెండుమూడుసార్లు చిన్న కారెట్ ముక్కో, కీరా ముక్కో ఇచ్చాము. నీటిశాతం ఎక్కువైన కూరలు మితిమీరితే విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడప్పుడు ఎండిన పిండిపురుగులో, ఉడికిన గ్రుడ్డు పిసరో మాంసకృత్తుల కోసం ఇచ్చేవారము. ఇవి ఎడారి జీవులు కనుక రోజుకు కొద్ది మిల్లీలీటర్ల నీరు మాత్రమే త్రాగుతాయి. అంతమాత్రాన నీరు లేకుండా ఉంచడం క్రౌర్యం. గిన్నెలో పోస్తే పొట్టుతో పూడ్చివేస్తాయి కనుక సీసాను ఎత్తులో వ్రేలాడదీయాలి.

ఒకనాడు దూల్హాభాయి దుకాణంనుండి ఎండిన కంకుల కట్ట ఒకటి తెచ్చారు. పక్షులకు, జెర్బిళ్ళకు మేతగా అమ్మేవవి. ఆపా దానిని చేతిలోకి తీసుకొని, గింజ నలిపి చూచి, నవ్వినది. అది కొర్రకంకి! మా అమ్మమ్మ కాలంలో రాయలసీమ మెట్టచేలలో పండి, ఇంట అన్నమై ఉడికిన కొర్ర. కొర్రను మానవుడు మొట్టమొదట సాగుచేసినది ఉత్తర చైనాలోనే. అంటే జెర్బిల్ పుట్టిన గడ్డ, కొర్ర పుట్టిన గడ్డ ఇంచుమించు ఒక్కటే. ఎలుకకు మేడ కట్టనన్న ఆపా ఆనాటినుండి తానే ప్రతి శుక్రవారం ఒక కంకిని త్రుంచి గాజుపెట్టెలో నిలబెట్టేది.

నేను 2019లో స్వదేశానికి తిరిగివచ్చాను. 2021లో జీరా మరణించిన వార్త ఫోనులో తెలిసినది. వీటి ఆయుష్షు సాధారణంగా మూడు నాలుగేళ్ళు. తోడులేని జెర్బిల్ క్రుంగిపోతుంది. క్రొత్తదానిని నేరుగా ప్రవేశపెడితే చచ్చేదాకా పోరాడుకుంటాయి. పెట్టె నడుమ తీగెల తెర కట్టి, రోజూ చోట్లు మారుస్తూ, ఒకదాని వాసన మరొకదానికి అలవాటు చేసి కలపడం ఒక పద్ధతి. మేనల్లుడు, అప్పటికి పదమూడేళ్ళవాడు, చాలా ఆలోచించి నాతో అన్నాడు: "మామూ, బాదం ముసలిదయింది. ఇప్పుడొక పిల్లను తెస్తే, బాదం పోయాక ఆ పిల్ల ఒంటరిదవుతుంది. దానికోసం ఇంకొకటి తేవాలి. ఇది ఎక్కడ ఆగుతుంది?" ఏ దారిలో వెళ్ళినా ఒక ప్రాణికి లోటు తప్పదు. వారు క్రొత్తదానిని తేలేదు. అందుకు బదులుగా ఇంట ఎవరో ఒకరు రోజూ కొంతసేపు బాదం దగ్గర కూర్చోవాలని నిర్ణయించుకున్నారు. ఎక్కువ రోజులు కూర్చున్నది మా ఆపాయే. ఇషా నమాజు తరువాత ఆమె చేయి పెట్టెలో ఉంచితే, బాదం వచ్చి ఆ అరచేతిలో ముడుచుకొని పడుకొనేదట. 2022 ఆరంభంలో అది కూడా కన్నుమూసినది. ఆ నిర్ణయం సరియైనదో కాదో నేను తీర్పు చెప్పలేను. కాని ఆ పిల్లవాడు తన సరదాను కాక, ఇంకా ఇంటికి రాని ఒక ప్రాణి కష్టాన్ని లెక్కలోకి తీసుకొని ఆలోచించాడు. అది నాకు గొప్పగా తోచినది.

మన మతగ్రంథాలు ఈ విషయంలో మౌనంగా లేవు. అబూ ఉమైర్ అనే బాలుడు పెంచుకొన్న చిన్న పిట్ట చనిపోగా, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ పిట్ట సంగతి ఆప్యాయంగా అడిగి బాలుని ఓదార్చినట్లు హదీసు తెలుపుతున్నది. పిల్లలు ప్రాణులను పెంచుకొనడం తప్పుకాదని పండితులు దీని ఆధారంగా చెప్పారు. పిల్లిని బంధించి, తాను మేత పెట్టక, అది వెదుకుకొని తినడానికీ వదలక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైనదని మరొక హదీసు. ఈ రెండింటినీ కలిపి చదివితే ధర్మం తేటతెల్లమవుతుంది. పెంచవచ్చును, కాని బంధించినవాడు బాకీదారు. మన దేశంలో కూడా 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, కదలడానికి చాలినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో ప్రాణిని ఉంచడాన్ని నేరంగా పరిగణించినది.

సోదర విద్యార్థులారా! మీలో అందరికీ జెర్బిల్ తటస్థపడకపోవచ్చు. కాని ఇంట చిలుకలున్నవారు, డాబామీద పావురాల గూడున్నవారు, కుందేలు పిల్లకోసం మారాం చేసే తమ్ముడు చెల్లెలు ఉన్నవారు మీలో అనేకులు. ప్రాణిని కొనే ముందు దాని వెల అడగడం లోకసహజం. వెలతోపాటు మరి మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఇది ఏ నేలనుండి వచ్చినది? అక్కడ ఏమి తిని, ఎవరితో కలిసి, ఎక్కడ తలదాచుకొనేది? అందులో ఎంత భాగాన్ని మన ఇంట మనం దానికి తిరిగి ఇవ్వగలం? ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబు దొరికితే నిస్సంకోచంగా తెచ్చుకొనండి. దొరకనినాడు దానిని ఉన్నచోటనే ఉండనిచ్చి చూచి ఆనందించండి. అదీ ప్రేమే.